తిరుగబెట్టుట యన నేమి?

రోగి లేచి కూర్చుండి, రెండు పూటలు అన్నము తిని, మూడవనాడు మరల మంచము పట్టినచో మన యిండ్లలో పెద్దలు "జ్వరము తిరుగబెట్టినది" అందురు. "జ్వరము వచ్చినది" అనరు. ఈ రెండు మాటలకును గల భేదమే యీ వ్యాసమునకు విషయము. వచ్చినదనినచో వెలుపలినుండి క్రొత్తగా వచ్చినదని యర్థము. తిరుగబెట్టినదనినచో, పోయినదనుకొన్నది నిజముగా పోలేదని యర్థము. ఈ చిన్న మాటలో రోగమును గూర్చిన యొక విచారణయే యిమిడియున్నది.

ఊరక పడుట వేఱు, తిరిగి పడుట వేఱు. నడక నేర్చుకొనుచున్న పసిబిడ్డ పదిమాఱులు పడును. దానిని ఎవరును తిరుగబెట్టుట యనరు. ఏలయన, ఆ బిడ్డ యింకను నిలుచుటయే యెఱుగదు. తిరుగబెట్టుటకు మొదట నొక చెడ్డ స్థితి యుండవలెను; దానినుండి నిజముగా కొంత మేలు కలిగియుండవలెను; పిదప ఆ వెనుకటి స్థితికే మరల చేరవలెను. నడుమనున్న యా మేలుకాలము లేనిచో నీ మాటకు చోటే లేదు. ఎన్నడును కోలుకొననివానికి రోగము తిరుగబెట్టదు. కావున నీ మాట యెంత దుఃఖము కలిగించునదైనను, ఒకప్పుడు కోలుకొనుట జరిగినదని కూడ సాక్ష్యమిచ్చుచున్నది. ఈ సంగతిని మనవారు సాధారణముగా మఱచిపోవుదురు.

ఇంగ్లీషువారు దీనికి రిలాప్సు అను పదమును వాడుదురు. అది లాటిను భాషనుండి వచ్చినది; వెనుకకు జారుట యని దాని ధాత్వర్థము. జారుటలో త్రోసినవాడు లేడు, దూకినవాడును లేడు; కాలు నిలువకపోవుట మాత్రమే కలదు. హెబ్రీభాషలో సంగతి మఱింత వింతగా నున్నది. షూబ్ అను నొకే ధాతువునుండి దేవునివైపు తిరుగుట యను మాటయు, దేవుని విడిచి వెనుదిరుగుట యను మాటయు పుట్టినవి. యిర్మీయా గ్రంథము మూడవ అధ్యాయమున ప్రవక్త యీ రెండర్థములను ప్రక్కప్రక్కనే నిలిపి పలుకును. మన తెలుగులో "మరలుట" యను మాటయు నట్టిదే. ఒకడు చెడునుండి మరలినాడనవచ్చును, చెడునకు మరలినాడనియు ననవచ్చును. త్రోవ యొకటే, ముఖము మాత్రమే మాఱినది.

మన దేశపు వైద్యులు దీనిని బహుకాలము క్రిందటనే గుర్తించిరి. చరకసంహిత చికిత్సాస్థానములో జ్వరమును గూర్చిన యధ్యాయమున పునరావర్తక జ్వరమని వేఱుగా జెప్పబడినది. జ్వరము విడిచినను బలము చేకూరకమునుపే హితముకాని పనులకు దిగినవానికి జ్వరము మరల వచ్చునని దాని సారాంశము. మన యిండ్లలో నేటికిని నడచుచున్న పథ్యపు కట్టుబాట్లకు వెనుక నిట్టి భావమే కలదు. "పథ్యము తప్పినాడు, తిరుగబెట్టినది" అను మాట వినని తెలుగువా రుండరు. ఇందులో కొంత సత్యము కలదు, కొంత యన్యాయమును కలదు. రోగము విడిచిన తరువాతి దినములే మిక్కిలి జాగ్రత్తగా నుండవలసిన దినము లనుట సత్యము. తప్పెల్లప్పుడును రోగిదే యనుట యన్యాయము. ఈ రెంటిని వేఱుపఱచి చూపుటకు చలిజ్వరమును, అనగా మలేరియాను మించిన దృష్టాంతము నాకు దొరకలేదు.

చలిజ్వరమునకును తెలుగునేలకును దగ్గర సంబంధము కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాసు అను సైనిక వైద్యుడు, రోగి రక్తమును త్రాగిన యొక దోమ పొట్టను కోసి సూక్ష్మదర్శినితో చూచుచు, ఆ జ్వరమునకు కారణమైన జీవి యందు పెరుగుచున్నట్లు కనుగొనెను. మఱుసటి యేట కలకత్తాలో పక్షులయందు పరిశోధనలు చేసి, దోమకాటువలననే యా జీవి యొకరినుండి మఱియొకరికి పోవునని స్థిరపఱచెను. 1902లో ఆయనకు నోబెలు బహుమాన మొసగబడినది. జ్వర మెట్లు వచ్చునో యంతటితో తెలిసినది. కాని యెట్లు తిరుగబెట్టునో తెలియలేదు.

చిక్కిట్లుండెను. సింకోనా చెట్టు బెరడునుండి 1820లో వేఱుచేయబడిన క్వినైను మందు రోగికిచ్చిన, వణకు తగ్గును, జ్వరము విడుచును, రక్తమును పరీక్షించిన నందులో నొక్క జీవియు కనబడదు. రోగి స్వస్థుడై తన పనిపాటలు చూచుకొనును. కొన్ని వారములకో, కొన్ని నెలలకో, ఒక్కొక్కప్పుడు ఏడాది గడచిన పిదపనో, ఏ దోమయు మరల కుట్టకయే, అదే వణకు, అదే జ్వరము వచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున మాసిడోనియాలో చలిజ్వరము తగిలిన బ్రిటిషు సైనికులనేకులు స్వదేశమునకు చేరిన తరువాత కూడ, ఆ జ్వరముచే మరల మరల మంచము పట్టిరి. రక్తములో లేని జీవి యెక్కడ దాగియుండెను? శరీరములో చోటెక్కడ?

ఈ ప్రశ్నకు జవాబు రాకుండ నలువది సంవత్సరములకు మించి యడ్డుపడినది ఒక పెద్ద పండితుని మాటయే. జర్మనీ దేశస్థుడైన షౌడిన్ 1903లో, దోమ నోటినుండి వచ్చిన జీవి సరాసరి ఎఱ్ఱ రక్తకణములలోనికి చొచ్చుటను తాను కన్నులార చూచితినని ప్రకటించెను. ఆయన గొప్ప శాస్త్రజ్ఞుడు. కనుక చాలమంది నమ్మిరి. తాము వెదకినను అట్లు చూడలేకపోయినవారు తమ పరికరములలోనే లోపమున్నదనుకొనిరేమో! కొందఱు మాత్రము రక్తమునకు వెలుపల మఱియొక నెలవుండవలెనని యూహించి వెదకుచునే యుండిరి. తుదకు 1948లో లండనునందు, వెనుక భారతదేశపు వైద్యశాఖలో పనిచేసిన షార్టును, ఆయన సహచరుడగు గార్న్‌హామును ఆ నెలవును పట్టుకొనిరి. అది కాలేయము. ముందుగా కోతి కాలేయమునందును, అదే సంవత్సరమున స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన యొక మనుష్యుని కాలేయమునందును వారు దానిని చూచిరి. దోమ కుట్టిన కొలది సేపటికే జీవులు కాలేయమునకు చేరి, అక్కడ కొన్ని దినములు నిశ్శబ్దముగా పెంపొంది, ఆ తరువాతనే రక్తములోనికి దిగునని తేలినది.

ఇంకొక మెట్టు మిగిలియుండెను. కాలేయమునకు చేరిన జీవులన్నియు నొక్కసారియే బయలుదేరవు. వైవాక్స్ అను జాతికి చెందిన చలిజ్వరపు జీవులలో కొన్ని కాలేయకణములలోపల పెరుగక, చావక, నిద్రించుచు నుండును. 1980వ సంవత్సర ప్రాంతమున క్రోటాస్కియు నాతని తోడివారును ఈ నిద్రించు రూపములను సూక్ష్మదర్శినిలో గుర్తించిరి. గ్రీకుభాషలో నిద్రకుగల పేరునుండి వానికి హిప్నోజోయిటులని పేరు. ఇవి మిక్కిలి చిన్నవి. వీనివలన నొప్పి లేదు, వేడి లేదు, రక్తపరీక్షకు చిక్కవు. క్వినైను, క్లోరోక్విను మొదలగు మందులు రక్తములోని జీవులను చంపునే కాని వీనిని ముట్టవు. వేళ వచ్చినప్పుడు వీనిలో నొకటి మేల్కొని, వేలకొలది పిల్లలను కని, రక్తములోనికి వదలును. ఇంటివా రప్పుడు, పెరుగు తిన్నందుననో, వానలో తడిసినందుననో తిరుగబెట్టినదందురు. పాపము, పెరుగేమి చేసినది?

ఇక్కడ వైద్యులు మూడు విధములైన మరలివచ్చుటలను వేఱుచేసి చెప్పుదురు. ఈ భేదమును తెలియగోరువారు కొంచెము నిదానముగా చదువవలెను. నిద్రించుచున్న జీవి కాలేయమునుండి లేచి వచ్చుట యొకటి. ఇదియే శాస్త్రీయముగా తిరుగబెట్టుట. మందు చాలక, లేక జీవి మందునకు లొంగక, రక్తములోనే మిగిలినవి మరల పెరుగుట మఱియొకటి. ఫాల్సిపరం అను ప్రాణాంతకమైన జాతిలో జరుగునది యిదియే, ఏలయన దానికి కాలేయములో నిద్రించు రూపము లేదు. క్రొత్త దోమ కుట్టి క్రొత్త జ్వరము తెచ్చుట మూడవది. రోగికి మూడును ఒక్కటే. మూటియందును వణకును, మూటియందును పడుకొనును. కాని మొదటిదానికి కాలేయమును శుభ్రముచేయు మందు కావలెను, రెండవదానికి రక్తములోని జీవిని నిశ్శేషముగా చంపు మఱియొక బలమైన మందు కావలెను, మూడవదానికి దోమతెర కావలెను. పేరు తప్పినచో వైద్యము తప్పును. శరీరమును గూర్చి మాత్రమే నే నీ మాట వ్రాయుట లేదని చదువరులు ముందు గ్రహింతురు.

కాలేయములో నిద్రించువానిని చంపు మందు పేరు ప్రిమాక్విన్. కొరియా యుద్ధమునుండి 1950 తరువాతి సంవత్సరములలో ఓడలపై స్వదేశమునకు పోవుచున్న అమెరికను సైనికుల కిది మొదటిసారి విస్తారముగా ఈయబడినది. మన దేశములోను వైవాక్స్ జ్వరమునకు క్లోరోక్విను 3 దినములును, ప్రిమాక్విన్ 14 దినములును ఇచ్చుట పద్ధతి. (కొందఱి రక్తములో జి-6-పి-డి అను పదార్థము పుట్టుకతో కొఱతగా నుండును, అట్టివారికిని, గర్భిణులకును, శిశువులకును ఈ మందు హాని చేయును. కనుక వైద్యుని యడుగక దీనిని మ్రింగరాదు.) ఇప్పుడు మన విషయమునకు కీలకమైన సంగతి వినుడు. జ్వరము సాధారణముగా మొదటి రెండు మూడు దినములలోనే విడిచిపోవును. తక్కిన పదునొకండు దినములు రోగి యారోగ్యముగా నుండి మందు మ్రింగవలెను. ఒంట్లో బాధ లేదు, ఆకలి వేయుచున్నది, పొలములో పని నిలిచియున్నది. అట్టివాడు లేని రోగమునకు మందేల మ్రింగవలెనని యడుగుట సహజమే. మాత్రలు గూటిలో నుండిపోవును. నెలలకు తరువాత జ్వరము వచ్చినప్పుడు ఆ మాత్రలను ఎవరును తలంపరు.

ఈ పదునొకండు దినములను గూర్చియే నేను ముఖ్యముగా వ్రాయదలచితిని. తిరుగబెట్టుట జ్వరముతో మొదలగునదికాదు. జ్వరము లేని యీ దినములలోనే దాని బీజమున్నది. మన్యపు గ్రామములలోని బడిపిల్లవాడు ఏట రెండు మూడుసారులు వణకుచు బడి మానినచో, వాని చదువు చెడినది జ్వరపు దినములలోననుకొందుము. వాని రోగము తీఱక నిలిచినది మాత్రము వాడు ఆడుకొనుచుండిన దినములలోనే.

ఒక మనుష్యునికి జరుగునది యొక దేశమునకును జరుగును. లంకాద్వీపమున 1934, 1935 సంవత్సరములలో చెలరేగిన చలిజ్వరమువలన సుమారు 80,000 మంది మరణించిరి. 1946 మొదలుకొని అక్కడివా రిండ్లగోడలపై డి.డి.టి. చల్లుచు, రోగులకు మందిచ్చుచు పోరాడగా, 1963వ సంవత్సరమున దేశమంతటిలో తేలిన రోగుల సంఖ్య 17 మాత్రమే. పదునేడుగురు! ఒక తరగతిలో పట్టెడు మంది కంటె తక్కువ. చల్లుట నిలిపివేసిరి. ధనము వేఱు పనులకు పోయినది. ఇంటింటికి తిరిగి రక్తము పరీక్షించువారి శ్రద్ధ సన్నగిల్లెను. అంతలో వానలు తప్పి నదులు ఎండి మడుగులైనవి, రత్నములకై త్రవ్విన గోతులలో నీరు నిలిచినది, దోమలు పెరిగినవి. 1967 చివర మొదలైన జ్వరము 1969వ సంవత్సరమున 5 లక్షలకు మించిన రోగులను చూపినది. నడుమ జ్వరము లేని యేండ్లలో పుట్టి పెరిగిన పిల్లల శరీరములకు దానితో పరిచయమే లేకుండుటచే, ఎదిరించు శక్తియు లేకపోయెను. మేలుకాల మిచ్చిన మేలే యిట్లు కీడునకు తోడ్పడినది.

మన దేశపు కథయు దీనికి తోబుట్టువే. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున భారతదేశమున ఏటేట 7 కోట్ల 50 లక్షలమందికి చలిజ్వరము వచ్చుచుండెననియు, 8 లక్షలమంది చనిపోవుచుండిరనియు అంచనా. 1953లో నివారణోద్యమమును, 1958లో నిర్మూలనోద్యమమును ప్రారంభింపబడినవి. 1961 నాటికి రోగుల సంఖ్య సుమారు 50 వేలకు దిగినది. ఉద్యమమునకు నిర్మూలన మని పేరు పెట్టుటయే యొక విధముగా కొంప ముంచినదని నా తలంపు. మూలము తెగినదని పేరే చెప్పుచుండగా నింక కావలి కాయువా డెవడు? మందు సరఫరా ఆలస్యమయ్యెను, దోమలు డి.డి.టి.కి అలవాటుపడెను, పనివారి సంఖ్య చాలకపోయెను. 1976లో రోగులు 64 లక్షలు. ఆ మరుసటి యేడు ప్రభుత్వమువారు పద్ధతిని సవరించుకొని మరల మొదలు పెట్టవలసివచ్చెను.

ఈ కథ యంతటితో ముగిసినదని చెప్పినచో నది యసత్యమగును. లంకవారు చేయి విడువలేదు. వారిదేశములో స్థానికముగా పుట్టిన కడపటి జ్వరము 2012లో కనబడినది, 2016లో ప్రపంచారోగ్యసంస్థ వారిని చలిజ్వరము లేని దేశముగా ప్రకటించినది. అయినను, బయటనుండి వచ్చువారి రక్తమును పరీక్షించుట నేటికిని మానలేదు. మన దేశమున 2015లో 11 లక్షలకు మించియుండిన రోగుల సంఖ్య 2023లో 2 లక్షల పైచిలుకునకు తగ్గినది. ఇది సంతోషింపదగిన విషయమే. 1961లోను ఇట్లే సంతోషించిరి.

సువార్తలో ప్రభువు చెప్పిన యొక యుపమానము ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చును. ఒక దయ్యము ఒక మనుష్యుని విడిచి పోయి, ఎందును విశ్రాంతి దొరకక తిరిగివచ్చి, తానుండిన యిల్లు ఊడ్చి అలంకరింపబడి యుండుట చూచి, తనకంటె చెడ్డవగు మఱి యేడింటిని తోడు తెచ్చుకొని ప్రవేశించును. అప్పుడు వాని స్థితి మొదటికంటె అధ్వాన్నమగును. ఈ యుపమానమును చదువునప్పుడు మనము దయ్యముల లెక్కపై దృష్టి నిలుపుదుము. నాకు తోచునంతవఱకు ముఖ్యమైన మాట వేఱొకటి. మత్తయి సువార్తలో ఆ యిల్లు ఖాళీగా నుండెనని చెప్పబడినది. అది మురికిగా లేదు, పాడుపడియు లేదు. కాని యందెవ్వరును కాపురము లేరు. చెడ్డవాడు వెడలిపోవుట చాలదు, ఆ చోట మంచివాడు కాపురముండవలెను.

పాఠశాలకు సంబంధించిన దృష్టాంతము నిక్కడనే చెప్పుట యుక్తము. 1929లో సర్ ఫిలిప్ హార్టాగ్ అధ్యక్షతను ఈ దేశపు విద్యాస్థితిని విచారించిన సంఘమువారు, 1922-23 సంవత్సరమున మొదటి తరగతిలో నుండిన ప్రతి 100 మంది పిల్లలలోను, 1925-26 నాటికి నాల్గవ తరగతిలో చదువుచున్నవారు 18 మంది మాత్రమే యని చూపిరి. తక్కిన 82 మందిలో పెక్కుమంది యక్షరములు నేర్చినవారే. వారు బడి విడిచి, చదువుటకు కాగితముముక్కయైనను లేని యిండ్లకు పోయి, కొలది యేండ్లలో నేర్చినది మఱచిరి. మరల వేలిముద్రవారైరి. నేర్పుటకై వెచ్చించిన ధనము వ్యర్థమైనదని యా సంఘమువారు వాపోయిరి. ధనముకంటె ఎక్కువ వ్యర్థమైనది మఱియొకటి కలదు. ఒకమాఱు నేర్చి మఱచినవాడు తనకు చదువు రాదని నమ్మును. ఎన్నడును నేర్వనివాడట్లు నమ్మడు. రాత్రిబడికి పిలిచినచో వచ్చువాడు ఈ రెండవవాడే.

కనుక తిరిగి పడినవాని రెండవ స్థితి మొదటిదానికంటె చెడ్డదగుటకు ముఖ్యకారణము రోగబలము మాత్రమే కాదు. వాని నిరాశయు, వానిని గూర్చి యితరుల నిరాశయు కూడ. ఈ యితరుల నిరాశ చట్టముగా మాఱినచో నెంత ఘోరము జరుగునో చరిత్రలో నొక ప్రసిద్ధ సాక్ష్యము కలదు.

మధ్యయుగమున ఐరోపాలోని మతన్యాయస్థానముల పద్ధతి యిది: తప్పుడు మతమును నమ్మితినని మొదటిసారి యొప్పుకొని పశ్చాత్తాపపడినవానిని చంపరు, ఒకసారి విడిచి మరల దానిలో పడినవానిని ప్రభుత్వాధికారులకు అప్పగింతురు, అనగా కాల్పింతురు. 1431 మే 24వ తేదీన ఫ్రాన్సులోని రువాన్ పట్టణమున, సుమారు పందొమ్మిదేండ్ల వయసుగల జోన్ అను పల్లెటూరి పిల్ల, తనకు వినబడిన దైవస్వరములు అబద్ధములని యొప్పుకొనినట్లు కాగితముపై గుర్తు పెట్టెను. ఆమెకు యావజ్జీవ కారాగారము విధించిరి. నాలుగు దినములలో నామె మరల పురుషుల దుస్తులు ధరించి యుండుట చూచి, స్వరములు మరల పలికినవని యామె నోటనే విని, న్యాయాధిపతులు తిరిగి పడినదని తీర్మానించిరి. మే 30వ తేదీన నామెను సంతవీధిలో సజీవముగా దహించిరి. 1456లో మతాధికారులే యా తీర్పును రద్దు చేసిరి. 1920లో రోమను కతోలిక సభవారు ఆమెను పరిశుద్ధురాలిగా ప్రకటించిరి.

ఈ వృత్తాంతమున విచారింపదగినది యొకటి కలదు. ఆమె పడినదా, లేచినదా? న్యాయాధిపతుల లెక్కలో మే 24 మేలుకాలము, మే 28 పతనము. ఆమె లెక్కలో భయపడి సంతకముచేసిన దినమే పతనము. "వెనుకటి చెడ్డ స్థితి" యని మనము పలుకునప్పుడు ఏది చెడ్డదో ముందుగానే తీర్మానించుకొని పలుకుచున్నాము. జ్వరము చెడ్డదనుటలో వివాదము లేదు. మనుష్యుని నడతను గూర్చి యీ మాటను వాడువారు మాత్రము, తా మెవరి కొలతబద్ద పట్టుకొనియున్నారో చూచుకొనుట మంచిది. వివాదమునకు తావులేని చెడ్డ స్థితియందు సహితము, రెండవసారి పడినవానికి మొదటిసారికంటె కఠినశిక్ష విధించుట వానికి మేలు చేయునా యనునది ఇంకొక ప్రశ్న.

దానికి త్రాగుడు విషయములో దొరకిన జవాబు చెప్పి ముగించెదను. త్రాగుబోతు మానివేయుట సులభము. వాడు పలుమాఱులు మానును. చలిజ్వరమువలెనే యిందును కష్టమైనది మానిన తరువాతి కాలము. 1935 మే నెలలో అమెరికాలోని అక్రన్ పట్టణమున విలియం విల్సన్ అను వ్యాపారియు, రాబర్టు స్మిత్ అను శస్త్రవైద్యుడును కలిసికొనిరి. ఇద్దఱును త్రాగుడుచే చెడినవారే. విల్సన్ అంతకు కొన్ని నెలల ముందు మానియుండెను; తాను నిలిచియుండవలెనన్న, మఱియొక త్రాగుబోతుతో మాటలాడుచుండుట తనకవసరమని కనుగొని స్మిత్తును వెదకికొని వచ్చెను. ఖాళీయింటిలో కాపురము పెట్టుటకు వీరు కనుగొనిన యుపాయమిది. స్మిత్ కొన్ని వారములు మానెను. అంతట అట్లాంటిక్ సిటీలో జరుగు వైద్యుల మహాసభకు పోయి, అక్కడ నొడలు తెలియకుండ త్రాగి, ఇంటికి చేర్చబడెను.

విల్సన్ అప్పుడు, నీవిక పనికిరావని చెప్పి వెడలిపోయినవాడు కాడు. ఆ యింటనే యుండి స్మిత్ కోలుకొనువఱకు కనిపెట్టుకొనియుండెను. వీరిద్దఱు స్థాపించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము నేడు మన దేశమునందును సమావేశములు జరుపుచున్నది. మరల త్రాగినవానిని గూర్చి వారు సాధారణముగా వాడు మాట, జారినాడనునదే. వాడు మరల వచ్చినచో మరల కూర్చుండనిత్తురు. ఆ సంఘమువారు తమ స్థాపనదినముగా నెన్నుకొనినది, స్మిత్తును విల్సనును మొదట కలిసికొనిన మే నెలనాటి దినము కాదు. స్మిత్ ఒకమాఱు జారి, తిరిగివచ్చి, కడపటి పాత్రను త్రాగి క్రింద పెట్టిన దినమని వారు చెప్పు 1935 జూన్ 10. ఆయన 1950లో మరణించువఱకు మరల దానిని ముట్టలేదు.